‘మూడు వేలే, లోపలికి రండి’ అన్నారా... ఆగండి!

జపాన్ పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేవి ఏమిటి? సెకన్ల లెక్కన నడిచే రైళ్ళు, చెర్రీ పూలు, ఆపైన అక్కడివాళ్ళ నిజాయితీ. రైల్లో మర్చిపోయిన గొడుగూ, హోటల్లో వదిలేసిన పర్సూ మళ్ళీ చేతికొచ్చిన కథలు అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళంతా చెబుతారు. అవి కట్టుకథలు కావు. టిప్పు బల్లమీద పెట్టి లేచి వస్తే, ‘మీ డబ్బు మర్చిపోయారండీ’ అంటూ వెనకాలే పరుగెత్తుకొచ్చే దేశమది. ఆటో ఎక్కబోతూ బేరమాడటం, కూరగాయలు కొంటూ కాటా ముల్లు మీద ఓ కన్నేసి ఉంచడం చిన్నప్పట్నుంచీ అలవాటైన మనకి అదంతా స్వర్గంలాగే ఉంటుంది. దాంతో ఆ అలవాట్లన్నీ విమానాశ్రయంలోనే వదిలేస్తాం.

చిక్కొచ్చేది అక్కడే. ఊరు ఊరంతా నిజాయితీగా ఉన్నచోట ఓ నాలుగు వీధుల్లో మోసం చేసేవాడికి పని మహా తేలిక. వచ్చినవాళ్ళు అప్పటికే అందర్నీ నమ్మేసి ఉంటారు మరి!

‘ఎక్కడో జపాన్‌లో బార్ల గొడవ మనకెందుకు?’ అంటారేమో. 2024లో ఆ దేశానికి వెళ్ళిన విదేశీయులు మూడు కోట్ల అరవై ఎనిమిది లక్షల పైచిలుకు. అందులో మన దేశం వాళ్ళే రెండు లక్షల ముప్పై వేలకి పైన. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మనవాళ్ళకి టూరిస్టు ఈ-వీసా కూడా ఇస్తున్నారు. టోక్యోలో నిషి-కసాయ్ వైపు వెళ్తే మన ఇంజనీర్ల కుటుంబాలు పాతికేళ్ళ నుంచీ కాపురాలున్నాయి. కాబట్టి ఆయన కంపెనీ పనిమీద మూడు నెలలు వెళ్ళడమో, తమ్ముడు అక్కడ చదువుకోవడమో, కూతురూ అల్లుడూ ‘అమ్మా, ఈసారి సెలవులకి నువ్వే రా’ అని టిక్కెట్టు పంపడమో ఇప్పుడు మన ఇళ్ళల్లో మామూలు సంగతులే.

పేరులో కబుకి, వీధిలో నాటకం

ఇలా నిలువుదోపిడీ బిల్లు వేయడాన్ని జపాన్ వాళ్ళు ‘బొత్తకురి’ అంటారు. టోక్యోలో షింజుకు స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న కబుకిచో అనే పేట దీనికి పెట్టింది పేరు. యుద్ధం తర్వాత అక్కడ కబుకి నాటకశాల కడదామనుకుని 1948లో ఆ పేరు పెట్టారు. నాటకశాల కట్టనే లేదు, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడక్కడ సినిమాహాలు మీద గాడ్జిల్లా తలకాయ ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు తీసుకునేవాళ్ళు బోలెడంతమంది. నడిచి చూసి రావడానికి భయపడాల్సిన చోటు కాదు. అదే పేటలో వీధి పక్కన నిలబడ్డ కుర్రాడు పలకరించి, మీరు ఆగి సమాధానం చెప్పినప్పటి నుంచే కథ మొదలవుతుంది. రొప్పొంగి, ఇకెబుకురో, షిబుయలలోనూ, ఒసాకాలో మినామి, సప్పొరోలో సుసుకినో, ఫుకుఒకాలో నకసు వీధుల్లోనూ ఇదే వరస.

కథ ఎలా నడుస్తుందో చూడండి. ఆఫీసు పనిమీద వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళు శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి అలా నడుస్తున్నారనుకుందాం. శుభ్రంగా ఇస్త్రీ బట్టలేసుకున్న ఓ మనిషి నవ్వుతూ ఎదురొస్తాడు. ‘గంటసేపు ఎంత తాగినా మూడు వేల యెన్‌లే, పైన ఇంకే ఖర్చూ లేదు’ అంటాడు. యెన్ అంటే అర్ధరూపాయి పైచిలుకు. అంటే పదిహేడు, పద్దెనిమిది వందల రూపాయలు. ‘ఫర్వాలేదన్నా, ఒక్క గంటే కదా, చూసొద్దాం’ అంటాడు ఒకడు. లిఫ్టెక్కి అయిదో అంతస్తుకో ఆరో అంతస్తుకో వెళ్తారు. వీధిలోంచి చూస్తే ఆ కొట్టు కనపడదు. లోపల ఎవరేం మాట్లాడుకున్నా బయటికి వినపడదు.

కూర్చోగానే ఓ గిన్నెలో నాలుగు పల్లీలు వస్తాయి. పక్కన ఓ అమ్మాయి వచ్చి కూర్చుని, ‘నేనూ ఒకటి తాగనా?’ అని ముద్దుగా అడుగుతుంది. వద్దనడం మర్యాద కాదు కదా! ఆ అమ్మాయి తాగేది చాలాసార్లు రంగునీళ్ళే. ధర మాత్రం అసలు సిసలు మందుది. గంట కాగానే బిల్లొస్తుంది. సీటుకింత, సర్వీసుకింత, ఐసుకింత, శుక్రవారం కాబట్టి ఇంకో ఇంత, అమ్మాయి తాగిన నాలుగు గ్లాసులకీ ఇంత. మూడు వేలు కాస్తా లక్ష దాటి ఉంటుంది. కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు. ‘ఇదేమిటి?’ అంటే ఎక్కడో మూలనున్న చిన్నక్షరాల పట్టీ తెచ్చి చూపిస్తారు. అన్నీ అందులో రాసే ఉంటాయి. తలుపు దగ్గర నవ్వుతూ నిలబడ్డ మనిషి ఇప్పుడు నవ్వడు. జేబులో అంత లేదంటే పక్కన మనిషిని తోడిచ్చి ఏటీఎం దాకా తీసుకెళ్తారు. అక్కడ వీధివీధినా ఇరవై నాలుగ్గంటల కొట్లుంటాయి, అన్నింట్లోనూ ఏటీఎంలే!

ఇందులో వీధిలో నిలబడ్డవాడి లాభం ఏమిటంటారా? బిల్లులో వాడికి వాటా ఉంటుంది. బిల్లెంత పెరిగితే వాడికంత. మంచి హోటలుకి మనుషుల్ని చెయ్యిపట్టి లాక్కురావాల్సిన అవసరం ఉండదు కదా. కబుకిచోలో స్తంభాలకి కట్టిన మైకుల్లోంచి ‘వీధిలో పిలిచేవాళ్ళ వెంట వెళ్ళొద్దు, ఆ కొట్లన్నీ దోపిడీ కొట్లే’ అని రాత్రంతా చెబుతూనే ఉంటారు. ఆ మైకు కిందే నిలబడి మన కుర్రాళ్ళని పిలిచేవాడు పిలుస్తూనే ఉంటాడు! షింజుకు వార్డు 2013లోనే ఈ పిలుపుల్ని నిషేధించింది. 2016లో యాభై వేల యెన్‌ల దాకా జరిమానా కూడా పెట్టింది. అయినా ఆగలేదు.

దీనికే ఇంకో రూపం ఉంది. ఇది కుటుంబంతో వెళ్ళినవాళ్ళకీ ఎదురవుతుంది. మీరు ఫలానా పేరున్న హోటల్‌కి వెళ్దామని ఫోనులో దారి చూసుకుంటూ నడుస్తుంటే, ఆ హోటల్ మనిషిలాగే ఒకడొచ్చి, ‘అయ్యో, సీట్లన్నీ నిండిపోయాయండీ. మా ఇంకో బ్రాంచి పక్క సందులోనే ఉంది’ అంటాడు. వాడికీ ఆ హోటల్‌కీ ఏ సంబంధమూ ఉండదు. నాలుగడుగులేసి ఆ హోటల్లోకే వెళ్ళి అడగండి. చాలాసార్లు సీట్లు ఖాళీగానే ఉంటాయి.

ఇక పెళ్ళికాని తమ్ముళ్ళున్న అక్కలు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. ఫోనులో స్నేహాలు కలిపే యాప్‌లలో పరిచయమైన అమ్మాయి మొదటి రోజే ‘నాకు తెలిసిన బార్ ఒకటుంది, అక్కడికి వెళ్దాం’ అంటుంది. ఆ బారూ ఆ అమ్మాయీ ఒకటే జట్టు. కలుసుకునే చోటు తాను ఎంచుకోవడమే మంచిదని వాడికి చెప్పండి. గ్లాసు వదిలి పక్కకి వెళ్ళొస్తే అది మళ్ళీ తాగొద్దని కూడా చెప్పండి. రొప్పొంగి, కబుకిచో బార్లలో మందు కలిపి స్పృహ తప్పించి కార్డులు గీకేస్తున్నారని అమెరికా ఎంబసీ తన దేశస్థుల్ని ఏళ్ళ తరబడి హెచ్చరిస్తోంది. ఆడపిల్లలకైతే ఇందులో పోయేది డబ్బొక్కటే కాదు.

ఆడవాళ్ళకి పరిచిన వల

మోసపోయేది మగవాళ్ళేగా అని నిట్టూర్చకండి. కబుకిచోలో ఆడవాళ్ళ కోసమే నడిచే హోస్ట్ క్లబ్బులు చాలా ఉన్నాయి. అందంగా తయారైన కుర్రాళ్ళు పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు, పొగుడుతారు, కష్టసుఖాలు వింటారు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి ఒకటి రెండు వేల యెన్‌లతో సరిపెడతారు. రెండోసారి నుంచి అసలు ధర. ఆ కుర్రాడి పుట్టినరోజుకి గ్లాసులు గోపురంలా పేర్చి షాంపేన్ పోయించాలంటే లక్షల యెన్‌లు కావాలి. చేతిలో లేకపోతే ‘ఫర్వాలేదు, తర్వాత ఇద్దువుగాని’ అని ఖాతా రాసేవారు. ఆ ఖాతాని ‘ఉరికకె’ అంటారు.

చూడబోతే మన వీధి చివర కిరాణాకొట్టు ఖాతాలాంటిదే. కాకపోతే ఇక్కడ కొనేది ఉప్పూ పప్పూ కాదు, ‘నువ్వంటే నాకిష్టం’ అన్న మాట! ఒంటరిగా పట్నంలో ఉద్యోగం చేసుకునే పిల్ల, కాలేజీ పిల్ల ఆ మాట కోసం అప్పుల్లో కూరుకుపోవడం, ఆ బాకీ తీర్చడానికి ఒళ్ళమ్ముకునే స్థితికి నెట్టబడటం 2023లో జపాన్ అంతటా పెద్ద గొడవైంది. తల్లిదండ్రులు ఒకటై రోడ్డెక్కారు. అక్కడ మేజర్ వయసు 2022 ఏప్రిల్‌లో ఇరవై నుంచి పద్దెనిమిదికి తగ్గించారు. దాంతో పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసిన అప్పుని తల్లిదండ్రులు రద్దు చేయించే వీలు పోయింది. మద్యం తాగడానికి మాత్రం ఇరవై నిండాల్సిందే. విచిత్రం కాదూ!

చివరికి 2025 జూన్ 28 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ప్రేమ నటించి, ‘నువ్వు ఆర్డరివ్వకపోతే మన మధ్య ఇక ఏమీ ఉండదు’ అని బెదిరించి ఖర్చు పెట్టించడం ఇప్పుడు నిషేధం. బాకీ కోసం వ్యభిచారంలోకి దింపితే నేరం. లైసెన్సు లేకుండా ఇలాంటి వ్యాపారం నడిపే కంపెనీకి ముప్పై కోట్ల యెన్‌ల దాకా జరిమానా. చట్టం ప్రేమ నటించి ఖర్చు పెట్టించడాన్ని నిషేధించడం చదివి కొందరు నవ్వారు కానీ, ఆ పిల్లల తల్లులు నవ్వి ఉండరు.

మనవాళ్ళ పిల్లలు అక్కడ చదువుకుంటుంటే ఇంకో సంగతి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు అనుమతి తీసుకుని వారానికి ఇరవై ఎనిమిది గంటలు పని చేసుకోవచ్చు. కానీ హోస్ట్ క్లబ్బులు, హోస్టెస్ బార్లు, పచింకో అనే జూదపు హాళ్ళలో మాత్రం గిన్నెలు కడిగే పని కూడా చేయకూడదు. ‘జీతం బాగా ఇస్తారు, కౌంటర్లో కూర్చుంటే చాలు’ అని ఎవరైనా అంటే పోయేది వీసా. జరిగింది ఎవరికైనా చెబుదామన్నా వీసా భయం నోరు నొక్కేస్తుంది. మగవాళ్ళ విషయంలోనూ అంతే. నెలాఖరుకి కార్డు బిల్లు వచ్చి, ‘ఏమండీ, ఈ లక్షా ఇరవై వేలు ఏమిటి?’ అని ఇల్లాలు అడిగేదాకా బయటపడదు. మోసగాడికి అసలు పెట్టుబడి ఆ సిగ్గే. అందుకే వెళ్ళేముందే ఇంట్లో ఈ మాటలు నవ్వుతూ మాట్లాడేసుకోండి. తర్వాత అడిగితే సంజాయిషీలా ఉంటుంది.

ఇవి మోసాలు కావు

అలాగని ప్రతి బిల్లునీ అనుమానించి కొట్లాటకి దిగొద్దు. ‘ఇజకాయ’ అనే మామూలు భోజన ఫలహారశాలల్లో మీరు అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. దాన్ని ‘ఒతోషి’ అంటారు. ఒసాకా వైపు ‘త్సుకిదాషి’ అంటారు. అది ఉచితం కాదు, తలకి మూడు నాలుగు వందల యెన్‌లు పడుతుంది. సీటు అద్దె అనుకోండి. అది అక్కడి పద్ధతి, జపాన్ వాళ్ళకీ వేస్తారు. శాకాహారులకి ఇందులో పెద్ద ఇబ్బందే. గిన్నెలో ఉన్నది చేపో, చేపపులుసులో ఉడికిన ముల్లంగో అయ్యుంటుంది. తినలేని దానికి నలుగురికీ డబ్బు కట్టి లేచి రావడం కడుపుమంటే! కూర్చోగానే ‘ఒతోషి నషి దె ఒనెగై షిమసు’ అనండి, ఒతోషి వద్దని అర్థం. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల కుదరదంటారు. కుదరదంటే లేచి వచ్చేయొచ్చు, తప్పులేదు.

అమ్మకపు పన్ను పది శాతం. 2021 ఏప్రిల్ నుంచి పన్నుతో కలిపిన ధర చూపించాలన్న నిబంధన ఉంది కానీ, చాలామంది పన్ను లేని ధర పెద్దగా, కలిపినది చిన్నగా రాస్తారు. కాబట్టి చిన్నంకె చూసుకోండి. పెద్ద హోటళ్ళలో సర్వీసు ఛార్జీ, కొన్నిచోట్ల రాత్రి పది దాటాక పది శాతం అదనం మామూలే. వేణ్ణీళ్ళ బుగ్గలున్న ఊళ్ళలో స్నానపు పన్నని కొద్దిగా వేస్తారు. క్యోటోలో గది అద్దెని బట్టి బస పన్ను కట్టాలి, అది 2026 మార్చి నుంచి బాగా పెరిగింది. చేపల కొట్లలో ధర ఉండాల్సిన చోట ‘జిక’ అని రెండక్షరాలు రాసుంటే, ‘ఈ రోజు రేటు’ అని అర్థం. మన చేపల బజారులో పులస ధర అడగడం లాంటిదే. నోరు తెరిచి అడగకుండా తింటే మాత్రం తప్పు మనదే.

ఒసాకాలో కురొమొన్ బజారుకి వెళ్తే పీతకాళ్ళూ పెద్ద రొయ్యలూ కళ్ళు చెదిరే ధరల్లో ఉంటాయి. అక్కడి ఇల్లాళ్ళే అవి కొనరు. కానీ ధర అట్టమీద రాసిపెట్టే ఉంటుంది. ఖరీదు వేరు, మోసం వేరు. అకిహబరలో మెయిడ్ కేఫ్‌లలో గంటకింతని కూర్చున్నందుకు డబ్బు, ఓ పానీయం విధిగా తీసుకోవాలి, ఫొటోకి వేరే. పిల్లలు సరదా పడితే ముందే లెక్కేసుకుని వెళ్ళండి, వీధిలో అట్టలు పట్టుకుని పిలిచేవాళ్ళ వెంట మాత్రం కాదు. క్యోటోలో కిమోనో అద్దెకి తీసుకుని ఫొటోలు దిగడం మనవాళ్ళకి మహా ఇష్టం. బోర్డు మీద ఉన్న ధర సాదా కిమోనోది. జడ వేయడానికి, మంచి నడికట్టుకి, ఆలస్యంగా తిరిగిచ్చినందుకు విడివిడిగా పడుతుంది. ‘జెంబు దె ఇకుర దెసు క?’ అని అడగండి. అన్నీ కలిపి ఎంత అని. చూశారా, ప్రశ్న కోసం చివర ‘క’ చేర్చారు, మనం చివర ‘ఆ’ అని సాగదీసినట్టే. క్రియ కూడా మన తెలుగులోలాగే ఆఖర్నే వస్తుంది. అందుకే ఆ భాష మన నోటికి త్వరగానే పడుతుంది.

రిక్షా అన్న మాట కూడా అక్కణ్ణుంచి వచ్చిందే, ‘జిన్‌రికిష’ నుంచి. అసకుసలో ఇప్పటికీ మనిషి లాగే రిక్షాల్లో ఊరు చూపిస్తారు. ధరల అట్ట వాళ్ళ దగ్గరుంటుంది. అది మనిషికా, ఇద్దరికీ కలిపా, ఎన్ని నిమిషాలకి అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

ఉఎనో, అసకుసల్లో సన్యాసి దుస్తుల్లో ఒకరొచ్చి చేతిలో తాయెత్తో పూసల దండో పెట్టి, పుస్తకం తెరిచి ‘ఇంతిచ్చారు చూడండి’ అని చందా అడగొచ్చు. నిజమైన భిక్షువులు అక్కడ పాత్ర పట్టుకుని కదలకుండా నిలబడతారు, ఎవరి వెంటా పడరు. తాయెత్తు తిరిగిచ్చేసి ముందుకు నడవండి, పాపం రాదు.

టాక్సీల సంగతి. లైసెన్సున్న టాక్సీకి ఆకుపచ్చ నంబరు పలక ఉంటుంది, మీటరు తిరుగుతుంది. రాత్రి పది నుంచి తెల్లవారి అయిదు దాకా ఇరవై శాతం ఎక్కువ, అది న్యాయమైనదే. విమానాశ్రయంలో మీ సామాను దగ్గరకొచ్చి ‘టాక్సీ కావాలా?’ అని గుసగుసలాడే తెల్ల పలక కారు మాత్రం ఎక్కొద్దు. కంపెనీ యాప్‌లో మీరే పిలిపించుకున్న సొంతకారుకి తెల్ల పలక ఉండొచ్చు, దాని సంగతి వేరు. నరిత నుంచి టోక్యో నడిబొడ్డుకి మీటరు టాక్సీలోనే ఇరవై వేల యెన్‌లు దాటుతుంది. రైల్లో అయితే మూడు వేల లోపో, ఆ ప్రాంతమో.

ఇరుక్కున్నాక...

అన్ని జాగ్రత్తలూ చెప్పినా ఎవరో ఒకరు ఇరుక్కుంటారు. అప్పుడేం చేయాలి? ముందు గొంతు పెంచొద్దు, చెయ్యెత్తొద్దు. మీరు తోస్తే నేరం మీదవుతుంది, వాళ్ళక్కావలసింది అదే. ‘మేసాయ్ ఒ కుదసాయ్’ అని దేనికెంతో వివరంగా రాసిన బిల్లు అడగండి. కార్డు వాళ్ళ చేతికివ్వొద్దు, పిన్ నొక్కొద్దు. ‘కోబన్ ఎ ఇకిమషో’ అనండి. పోలీసు చౌకీకి వెళ్దాం పదండి అని అర్థం. కబుకిచోలోనూ కోబన్ ఉంది. బయటికి పోనివ్వకపోతే 110కి ఫోన్ చేయండి. జపాన్ భాష రాకపోయినా దుబాసీని కలుపుతారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ‘ధర గొడవ మీరూ మీరూ తేల్చుకోండి’ అనడం అక్కడి పోలీసుల పాత అలవాటు. ప్రజల మధ్య డబ్బు తగాదాల్లో తల దూర్చకూడదన్నది వాళ్ళ సూత్రం. టోక్యోలో 2000 సంవత్సరంలోనే ఈ దోపిడీ బిల్లుల మీద ప్రత్యేక నిబంధన వచ్చింది. ధరలు కనపడేలా పెట్టాలి, తక్కువని నమ్మించి పిలవకూడదు, వసూలు కోసం దౌర్జన్యంగా మాట్లాడకూడదు, కస్టమర్ సామాను దాచేయకూడదు. కానీ 2015 ప్రాంతంలో ఫిర్యాదులు వెల్లువెత్తాక గానీ కబుకిచోలో పోలీసులు ఇద్దర్నీ స్టేషన్‌కి తీసుకెళ్ళి విడివిడిగా విచారించడం మొదలుపెట్టలేదు. కాబట్టి పోలీసు వచ్చి బిల్లు చింపేస్తాడని ఆశపెట్టుకోవద్దు. ‘ధర ఎక్కువ’ అని కాకుండా, ‘మూడు వేలని చెప్పి పిలిచారు, వెళ్ళనివ్వలేదు, బ్యాగు లాక్కున్నారు’ అని జరిగింది జరిగినట్టు చెప్పండి. వాళ్ళు కదిలేది ఆ మాటలకే. పోలీసుల ముందు నిలబడ్డాక బిల్లు తగ్గించుకునే కొట్లు చాలానే ఉన్నాయి.

మామూలు షాపుల్లో కూడా కార్డు గీకినప్పుడు మెషిన్ ‘రూపాయల్లోనా, యెన్‌లలోనా?’ అని అడిగితే యెన్ అనే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు వాళ్ళిష్టం.

డబ్బు పోయిందనుకున్న రాత్రే, తెల్లారేదాకా ఆగకుండా, మన బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి. కొట్టు పేరు, భవనం పేరు, అంతస్తు, టైము ఓ కాగితం మీద రాసుకోండి. రసీదు పారేయొద్దు. పోలీసు దగ్గర ఫిర్యాదు ఇచ్చినట్టు ఆధారం ఉంటే బ్యాంకుతో వాదించడానికి పనికొస్తుంది. పర్యాటకులకి సలహా చెప్పడానికి జపాన్ పర్యాటక సంస్థ నడిపే ఫోన్ 050-3816-2787. రాత్రీ పగలూ ఇంగ్లిషులో పలుకుతారు. అక్కడే నివాసముంటున్న మనవాళ్ళకి వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 188. పాస్‌పోర్టు కూడా పోతే మన ఎంబసీ టోక్యోలో కుదాన్ దగ్గర ఉంది, ఒసాకాలో కాన్సులేట్ ఉంది. ఈ నంబర్లు ఫోనులో ఎలాగూ ఉంటాయి కానీ, ఆ ఫోనే పోతే? ఓ చీటీ మీద రాసి చెప్పు అట్ట కిందో, సూట్‌కేసు మూతలోనో అంటించండి.